అడుగు పిడికెడు

పోయిన వారం మనం చందనను వదిలింది పలాసలో, జీడిపప్పు గోడౌన్ మీది మేడగదిలో, చేతిలో ఒక కొత్త పుస్తకంతో. సుమ్మాదేవి నుంచి రోజూ పాసింజరు బండెక్కి వచ్చి, మేనమామ మన్మథరావు పెట్టిన కొరియన్ భాషా కేంద్రంలో పాఠాలు చెప్పే పిల్ల ఆమె. ఎవరూ నేర్పకుండా ఫోనులో విని విని ఆ భాష పట్టింది. కొరియాలో జేజూ అనే దీవి ఉంది. భాషలు ఎక్కడ పుట్టాయో, ఏది దేనికి చుట్టమో చెప్పే చదువు కోసం అక్కడి విశ్వవిద్యాలయంలో సీటుకు దరఖాస్తు పెట్టింది. ఆ సీటు సంగతి చూసే ప్రొఫెసర్ హాన్ నిన్న సాయంత్రమే పలాసలో రైలు దిగింది. ఇవాళ పదకొండింటికి కింద షామియానాలో సభ. సభకు గంట ముందు ఒక అట్టపెట్టె విప్పితే ఈ పుస్తకాలు బయటపడ్డాయి. అట్ట మీద ‘కొరియా భాషకు పుట్టిల్లు మన ఉద్దానం’ అని ఉంది. దాని కింద, రచన చందన అని ఉంది. అందులో ఒక్క ముక్క కూడా ఆమె రాయలేదు.

చందన పుస్తకం అట్ట అద్దంలో కనబడేలా ఎత్తి పట్టుకుంది.  

“మావా, ఇదేటి?”

మన్మథరావు అద్దం ముందు కండువా సర్దుకుంటున్నాడు. పలాసలో మూడు జీడిపప్పు ఫ్యాక్టరీలున్న మనిషి. రాజకీయాల్లో ఒక కాలు పెట్టి రెండోది ఎత్తి ఉంచినవాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

“పుస్తకం. నీ పేరే ఏయించినాను. నా పేరేసుకున్నాననుకున్నావేటి?”

“నేను రాయందానికి నా పేరెందుకు?”

“నిన్ను రాయమంటే ఏటి రాత్తావు? తెలీదు, తేలనేదు, పెద్దోళ్ళు ఒప్పుకోనేదు, ఇదేకదా నీ పాట. అలాటి పుస్తకం ఎవులు సదువుతారు? విశాపట్నంలో ఒకడుంటే రాయించినాను. పది రోజుల్లో తేల్చీసినాడు.”

చందన పేజీలు తిప్పింది. వెయ్యేళ్ళ కిందట బారువ రేవులో ఓడలెక్కి వెళ్ళిన ఉద్దానం వాళ్ళే కొరియా వాళ్ళకు మాటలు నేర్పారట. దానికి రుజువుగా పన్నెండు మాటలు, ఎడమవైపు మనవి, కుడివైపు వాళ్ళవి, అద్దంలో చూసినట్టు ఉన్నాయి.

“కొరియావోల్లాగే బారువోలు కూడా పడవని ‘పే’ అంటారట. ఎవులన్నారు?”

“అంటారేమో. నువ్వు బారువలో పుట్టినావేటి?”

“బియ్యాన్ని ‘సాలు’ అంటారట. నాన్నని ‘అప్ప’ అంటారట. మనూర్లో అప్పంటే అక్క కదా మావా. ఈ మాటలన్నీ నానమ్మ సెప్పినట్టు ఫొటో కూడా ఏసినాడు.”

ఫొటోలో అసిరమ్మ నవ్వుతోంది. చందన తండ్రికి తల్లి, డెబ్భై రెండేళ్ళ మనిషి. మూడు నెలల కిందట మన్మథరావు మనిషి ఒకడు ఫోను పట్టుకొచ్చి ఆమెను రెండు పూటలు మాట్లాడించుకుపోయాడు. పాటలు పాడించుకున్నాడు. ఊరికే సరదాకి అన్నాడు.

మన్మథరావు అప్పుడు తిరిగాడు. మొహంలో వెటకారం పోయింది.

“సూడు సందనా. మనల్ని ఎనకబడిన జిల్లా అంటారు. నోరిప్పితే నవ్వుతారు. ఐదరాబాదులో నీకు జరగనేదేటి? ఏడుసుకుంటూ ఇంటికొచ్చినావు కదా. ఒక్కమారు, ఎక్కడో ఒక దేశానికి మనం పుట్టిల్లనిపించుకుంటే నీ సొమ్మేటి పోయింది?”

ఆ మాట చందనకు తగిలింది. తగలకపోలేదు. హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఆమె ‘సెప్పండి’ అంటే బల్ల అవతల నలుగురు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ చూపు ఇప్పటికీ ఒంట్లో ముల్లులా ఉంది. కానీ పద్దెనిమిదో పేజీ ఆమె కళ్ళముందే ఉంది. అందులో అసిరమ్మ మాటలు అచ్చువేశారు. ఆమె ‘సూడు’ అన్నచోట ‘చూడు’ అని, ‘నేదు’ అన్నచోట ‘లేదు’ అని, ‘ఏటి’ అన్నచోట ‘ఏమిటి’ అని ఉంది. నవ్విన ఆ నలుగురికి నచ్చేలా నానమ్మ నోరు కడిగి పెట్టారు. కొరియా వాళ్ళకు మాట నేర్పిందని చెప్పుకునే ముసలిదాని మాటే దిద్దాల్సి వచ్చిందన్నమాట.

“నేను సబలో సెప్పీత్తాను. ఇది తప్పుడు పుస్తకమని.”

“సెప్పు. ఆవిడికి మూడు వారాల కిందటే నీ దరకాస్తుతో పాటు పంపించినాను. దీన్ని సూసే నీకోసం వచ్చింది. ఇప్పుడు అబద్దమంటే ఎవులు అబద్దమాడినట్టు? అట్ట మీద ఎవుల పేరుంది?” అతను కండువా కొసలు సమానం చేసుకున్నాడు. “సీటు కావాలా, గొడవ కావాలా నువ్వే సూసుకో.”

 ఆ సీటు కోసం చందన నాలుగేళ్ళు చదివింది. సుమ్మాదేవి స్టేషనులో బండి ఆలస్యమైన ప్రతిరోజూ సిమెంటు బల్ల మీద కూర్చుని రాసిన నోటుపుస్తకాలు ఇంట్లో ఒక పెట్టె నిండా ఉన్నాయి.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ముందు ప్రొఫెసర్ హాన్ వచ్చింది. అరవై దాటిన పొట్టి మనిషి, భుజాన గుడ్డసంచి, చెప్పులు కిందే విడిచి వచ్చింది. ఆమె వెనక అసిరమ్మ, మన్మథరావు కొని పంపిన పట్టుచీరలో నడక కుదరక అడుగడుగునా కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుంటూ. ఆ వెనక చందన తండ్రి వైకుంఠరావు. తిత్లీ తుఫానుకు జీడితోట కూలిన నాటినుంచి అతను మాట తగ్గించేశాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

ప్రొఫెసర్ హాన్ అసిరమ్మ ముందు నడుం వంచి నమస్కరించింది. కుర్చీ ఆమె దగ్గరికి లాక్కుని కూర్చుని, సంచిలోంచి పుస్తకం తీసింది. పన్నెండు మాటల దగ్గర పెన్సిలు గీతలున్నాయి. కొరియన్‌లో ఏదో అడిగింది.

“ఏటంటన్నాది?” అంది అసిరమ్మ.

“పడవని నువ్వు ఏటంటావో నీ నోట వినాలంట నానమ్మా.”

మన్మథరావు గబుక్కున వంగాడు. “అత్తా, పే అను. పే.”

“పే ఏటి?”

“అదేలే. అను.”

“తెప్పంటాను. పడవంటాను. పే అని నానెందుకంటాను? నాకేటి పిచ్చా?”

చందన ఇక ఆగలేదు. పుస్తకం విప్పి ఒక్కొక్క మాటా చదివింది. అది నువ్వు చెప్పినట్టే రాశారని చెప్పింది. మూడో మాటకు అసిరమ్మ నవ్వు పోయింది. ఏడో మాటకు పట్టుచీర కొంగు తీసి నడుముకు బిగించింది. పన్నెండో మాటకు మన్మథరావు వైపు తిరిగింది. ఆమె అరవలేదు. పలాస ఫ్యాక్టరీల్లో నలభై ఏళ్ళు బల్ల ముందు కూర్చుని గుండు వేరు, బద్ద వేరు, నూక వేరు అని పప్పు ఏరిన మనిషి. అరిస్తే చెయ్యి తప్పుతుందని తెలుసు.

“ఒరే మన్మదా. నానన్న మాటలు తీసీసి, అనని మాటలు నా నోట్లో ఎట్టినావా?”

“అత్తా, ఇయి పెద్ద సదువుల యవ్వారం. నీకు తెల్దు.”

“నాకు తెల్దు. పప్పు తెలుసు.” ఆమె పుస్తకం మీద వేలితో కొట్టింది. “నీ బాబు యేపారం మొదలెట్టినప్పుడు ఆడి సరుకు సూసింది నానే. కొనేవోడొచ్చి డబ్బా మూత తీసే ముందు నీ బాబు ఏటి సేసేవోడు? మంచి గుండులన్నీ పైన పేర్చేవోడు. నాను సూసేదాన్నేటి ఆటిని? మోచెయ్యి దాకా దింపి అడుగునుంచి పిడికెడు తీసేదాన్ని. ఈ పన్నెండు పైన పేర్చినయి. ఆ తల్లిని అడుగు. నాను అడిగిన మాటలు సెప్పమను.”

“ఏం అడుగుతాది ఈవిడ? సబకి టయిమవుతాది,” అన్నాడు మన్మథరావు.

చందన ఆ మాట కూడా ప్రొఫెసరుకు తర్జుమా చేసింది. అప్పటినుంచి ఆ గదిలో ఎవరేమన్నా వదలకుండా తర్జుమా చేయడం మొదలుపెట్టింది. ప్రొఫెసర్ హాన్ చేతి గడియారం విప్పి సంచిలో పడేసింది.

“నీళ్ళు,” అంది అసిరమ్మ.

“ముల్.”

“నిప్పు.”

“పుల్.”

“సెయ్యి.”

“సోన్.”

“ఉప్పు. రాయి. కన్ను.”

“సోగుమ్. తోల్. నూన్.”

ప్రతి మాటకూ అసిరమ్మ బొటనవేలూ చూపుడువేలూ కలిపి, గింజను పక్కకు తోసినట్టు గాలిలో తోసింది. ఏదీ తన కుప్పలో పడలేదు. ఆ తరవాత ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమంది. హానా, తూల్, సేత్, నేత్ అంటూ ప్రొఫెసర్ వేళ్ళు మడిచింది. పది అయ్యాక, మాకు ఇంకో లెక్క కూడా ఉందని ఇల్, ఈ, సామ్, సా అంటూ మళ్ళీ మొదలుపెట్టింది.

అసిరమ్మ చెయ్యి ఆగింది. “ఇదేటి, ఒకే డబ్బాలో రెండు సరుకులున్నాయి. రెండోది బయటిది కాదేటి?”

ప్రొఫెసర్ హాన్ మొదటిసారి నవ్వింది. రెండోది చైనా నుంచి వచ్చింది అంది. రాతతో పాటు, కాగితంతో పాటు, సర్కారు కచేరీలతో పాటు వచ్చి ఇంటి నిండా చేరిందట. నిఘంటువు తెరిస్తే సగానికి పైగా ఆ బాపతు మాటలేనట. అయినా ఎముక మాత్రం చైనాది కాదంది.

“అర్తమయింది,” అంది అసిరమ్మ. “ఆఫ్రికా జీడిపిక్క ఓడలో వత్తాది. పలాసలో కాల్చి, ఒలిచి, పలాస పప్పని అమ్ముతాం. దాని మూలాన ఆఫ్రికా సెట్టు మన ఉద్దానం సెట్టుకి తల్లయిపోద్దేటి? కాదు. మరి దీని పక్కింటోళ్ళెవులు?”

ప్రొఫెసర్ వేళ్ళ మీద చెప్పింది. చందన ఒక్కో మాటా తూచి తెచ్చింది. జపాను భాషతో ఇంటి కట్టుబడి ఒక్కటే, మాట వెనక మాట పేర్చే తీరు ఒక్కటే, ఇంట్లో సామాను మాత్రం వేరు. ఇద్దరూ తోబుట్టువులో, గోడకు గోడ ఆనించి వేల ఏళ్ళు బతికిన ఇరుగుపొరుగో ఇంకా తేలలేదు. మంగోలియా, మంచూరియా భాషలన్నిటితో కలిపి ఒకే పెద్ద కుటుంబమని ఒకప్పుడు చాలామంది అన్నారు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకోవడం లేదు. తమిళం, తెలుగుల వైపు కూడా ఒక పాశ్చాత్యుడు నూరేళ్ళకు పైగా కిందటే వేలు చూపించాడు. అమ్మను కొరియాలో ఒమ్మా అంటారు. అందంగానే ఉంటుంది. కానీ అమ్మను అమ్మలాగే పిలిచే భాషలు ప్రపంచంలో లెక్కలేనన్ని.

“పన్నెండు మాటలు ఏ రెండు భాషల మధ్యనైనా దొరుకుతాయి,” అంది ప్రొఫెసర్. “కావాలంటే నేను మీ మాటలకూ ఆఫ్రికాలో ఏదో ఒక మాటకూ చుట్టరికం కలిపి ఇస్తాను. ఒక చోట మారిన ధ్వని అన్ని చోట్లా అలాగే మారిందని చూపించాలి. ఆ పని ఈ పుస్తకంలో ఎవరూ చేయలేదు.”

మన్మథరావు కుర్చీ వెనక్కి తన్ని చందన వైపు తిరిగాడు. “ఆ ముసల్దానికి ఏటి తెలుసని అడుగుతన్నావు? ఇనడానికి నీకైనా సిగ్గుండాలి. ఇదీ సెప్పు ఆవిడికి, సెప్పు.”

చందన చెప్పింది. ముసల్దానికి ఏం తెలుసని అడుగుతున్నావని, వినడానికి నీకు సిగ్గుండాలని, కొరియన్‌లో, ఒక్క గౌరవవాచకం కలపకుండా చెప్పింది. ప్రొఫెసర్ మన్మథరావును కాసేపు చూసింది. కోపం ఆమెకు మొహంలో కనబడలేదు. గొంతు మాత్రం కిందికి దిగింది.

“మా జేజూ మాట రాజధాని వాళ్ళకు అర్థం కాదు,” అంది. “బడిలో ఆ మాట నోట వచ్చినందుకు మా అమ్మను ఎండలో నిలబెట్టారు. అది భాషే కాదు, చెడిపోయిన కొరియన్ అన్నారు. ఇప్పుడు ముసలివాళ్ళ నోళ్ళలో తప్ప మిగల్లేదు. కొరియా భాషకు చుట్టం ఎవరని మా పెద్దలు మంగోలియా గడ్డి మైదానాల దాకా వెతికారు. అనుమానం లేని చుట్టం ఒక్కటే ఉంది. సొంత చెల్లెలు. అది మా దీవిలో ఉంది. దాన్ని ఎండలో నిలబెట్టారు.” ఆమె పద్దెనిమిదో పేజీ తీసి అసిరమ్మ ముందు పెట్టింది. “ఈమె మాటను ఎవరు దిద్దారు?”

 కింద మైకువాడు ఒకటి, రెండు, మూడు అని గొంతు పరీక్ష చేస్తున్నాడు.

చందన నిలబడి కొరియన్‌లో చెప్పింది. ఇంతసేపూ మండిన కోపం ఒక్కచోటికి చేరి గొంతు నిలకడ చేసింది. “ఈ పుస్తకం నేను రాయలేదు. ఇవాళ పొద్దున దాకా చూడలేదు. నా పేరుతో వచ్చింది కాబట్టి నా తప్పు కూడా ఉంది. దీన్ని చూసి ఇచ్చే సీటైతే నాకు వద్దు.”

చెప్పినదాన్నే మళ్ళీ తెలుగులో చెప్పింది, మావ వైపు చూస్తూ.

“సంపీసినావు,” అన్నాడు మన్మథరావు.

ప్రొఫెసర్ హాన్ తల అడ్డంగా ఊపింది. “పుస్తకం తప్పు కావచ్చు. తప్పుడు పుస్తకాలు మా దేశంలోనూ కుప్పలున్నాయి. దాని మూలాన నీ సీటు పోదు, నువ్వు నాకు రాసిన ఉత్తరాలు వేరే ఉన్నాయి. కానీ ఒక మనిషి మాటను ఆమెకు తెలియకుండా తీసుకుంటే మా దగ్గర క్షమాపణ లేదు. అలాంటి దరఖాస్తు అక్కడితో మూసేస్తారు. నేను చెప్పినా వినరు.” సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక కాగితం తీసింది. “దరఖాస్తుతో పాటు ఇది కూడా వచ్చింది.”

అది ఒప్పందం. అసిరమ్మ చెప్పిన మాటలు, పాడిన పాటలు అన్నీ కేంద్రానికి ఇచ్చినట్టు, వాటిని ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చని ఆమె ఒప్పుకున్నట్టు ఉంది. కింద నీలం సిరాతో వేలిముద్ర.

మన్మథరావు మొహం తెరిపిన పడింది. “అదిగో. అత్త ఒప్పుకునే ఏసింది. ఏం అత్తా? నీ మనవరాలి సీటు దీని మీదే ఉంది. ఏసినానని ఒక్క మాట సెప్పీ, అయిపోద్ది.”

అసిరమ్మ చందన వైపు చూసింది. ఎక్కువసేపు చూసింది. తనొక్క మాట అబద్ధమాడితే పిల్ల విమానం ఎక్కుతుంది. ఆడకపోతే ఇక్కడే ఉంటుంది. ఆ లెక్క ఆమెకు ఎవరూ తర్జుమా చేసి చెప్పనక్కర్లేకపోయింది.

“ఏం సెయ్యమంటావే గుంటా?”

“నిజం సెప్పు నానమ్మా.”

అసిరమ్మ బల్ల మీది ఇంకుప్యాడ్ దగ్గరికి లాక్కుంది. బొటనవేలు గట్టిగా అద్ది, ఆ వేలిముద్ర పక్కనే నొక్కింది. వేలు తీస్తే అక్కడ పడింది రేగుపండంత నీలం మచ్చ. గీత లేదు, సుడి లేదు. పప్పు ఏరే బల్లకు రాకముందు పదేళ్ళు ఆమె పిక్కలు కొట్టింది. పిక్క తొక్కులోని జీడి నూనె కాల్చి కాల్చి వేలి మీద గీత అన్నది లేకుండా చేసింది. రేషన్ డిపోలో మిషను ఏనాడూ ఆ వేలు పట్టలేదు. నెలనెలా కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటుంది.

పక్కనున్న ముద్రలో ప్రతి గీతా దువ్వెనతో దువ్వినట్టుంది.

ప్రొఫెసర్ హాన్ కాగితం వెలుతురుకు ఎత్తి చూసింది.  చందన మేనమామ మీదికి వెళ్ళింది. “దొంగ ముద్ర కూడా ఏసినావా మావా? పోలీసుల దగ్గరికి ఎల్తాను. నా సీటు పోతే పోయింది, నిన్ను మాత్రం వదల్ను.”

మన్మథరావు చేతులు రెండూ ఎత్తి, పది వేళ్ళూ విప్పి ఆమెకు చూపించాడు. పొద్దుటినుంచి మొదటిసారి తాపీగా ఉన్నాడు.

“ఎల్లు. ఈ ఏళ్ళన్నీ సూసుకోమను. నాదైతే జైల్లో ఎట్టమను.”

“మరి ఇదెవులిది?” అంది అసిరమ్మ.

 అతను కాగితం వైపు చూడలేదు. ఆమె తల మీదుగా గుమ్మం వైపు చూస్తున్నాడు. చందన వెనక్కి తిరిగింది. కూతురికి సీటు రావాలని ఎదురుచూసే, ఆమెను రోజూ స్టేషను దాకా సైకిలు మీద దింపే వైకుంఠరావు, ఇంతవరకూ నోరెత్తని వైకుంఠరావు, గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. అతని ఎడమచేతి బొటనవేలు, దాచుకున్నట్టు, పిడికిలి లోపలికి మడుచుకుని ఉంది.